పాత సినిమాల్లో మీ సొంత పది ఎంచుకోవడం ఎలా?

ఎవరో వేసిన జాబితా పట్టుకుని వరసగా చూసుకుంటూ పోతే నాలుగో సినిమాకల్లా విసుగొస్తుంది. పైగా ఆ జాబితాలకే నిలకడ లేదు. బ్రిటన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల ఓట్లు అడుగుతోంది. మొదటిసారి ‘బైసికిల్ థీవ్స్’ ముందు నిలిచింది. 1962 నుంచి 2002 దాకా ‘సిటిజన్ కేన్’, 2012లో ‘వర్టిగో’, 2022లో ‘జాన్ డీల్‌మాన్’. పేర్లు ఏరుకోవడానికి అలాంటి జాబితాలు పనికొస్తాయి, అంతవరకే.

1. పొట్టివాటితో మొదలుపెట్టండి

మొదటి విడతకు పన్నెండు చాలు. ఒకే దర్శకుడివి రెండు మించకూడదు. మూకీలు అలవాటు లేకపోతే ‘షెర్లాక్ జూనియర్’ (1924) చూడండి, ముప్పావు గంటే. ‘రషోమాన్’ (1950) 88 నిమిషాలు, ‘12 యాంగ్రీ మెన్’ (1957) 96. మూడున్నర గంటల ‘సెవెన్ సమురాయ్’ (1954) లాంటివి తర్వాత. దానిలో విరామం దర్శకుడే పెట్టాడు, ఆపాలనుకుంటే అక్కడే ఆపండి.

2. ఏ ప్రతి చూస్తున్నారో తేల్చుకోండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నాసిరకం ప్రతి చూసి సినిమానే బాగాలేదనుకుంటారు. ‘మెట్రోపొలిస్’ (1927) దశాబ్దాల పాటు కోతలు పడిన రూపంలోనే తిరిగింది. 2008లో బ్యూనస్ ఐరిస్‌లో దాదాపు పూర్తి ప్రతి బయటపడ్డాక, 2010లో రెండున్నర గంటల రూపం వచ్చింది. చూడాల్సింది అది. ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958)ను, దాని దర్శకుడు ఆర్సన్ వెల్స్ స్టూడియోకి రాసిన 58 పేజీల లేఖ ప్రకారం 1998లో మళ్లీ ఎడిట్ చేశారు. ‘పథేర్ పాంచాలి’ (1955) నెగెటివ్‌లు 1993లో లండన్ అగ్నిప్రమాదంలో కాలిపోయినా, మిగిలిన వాటిని బాగుచేసి 2015లో చాలా స్పష్టమైన 4కె ప్రతి తెచ్చారు. మసక ప్రతితో సర్దుకోవాల్సిన పని లేదు. ‘మాయాబజార్’ (1957)కి 2010లో రంగులద్దారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది గానీ, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెన్నెల నలుపు తెలుపుల్లోనే పండింది.

ప్రతి సరైనదో కాదో నిడివి చూస్తే చాలావరకు తెలుస్తుంది. అసలు నిడివి కన్నా పది నిమిషాలు తగ్గితే కోత పడిందని అనుమానించండి. వంద నిమిషాలది 96 అయితే మాత్రం కోత కాకపోవచ్చు: కొన్ని పాత డీవీడీల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25కి పరిగెత్తించేవారు. గొంతులు కూడా కాస్త పీలగా వినిపిస్తాయి.

3. టీవీని సరిచేయండి

1953కి ముందు సినిమాలు దాదాపు అన్నీ 1.33:1 లేదా 1.37:1 కొలతవి (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి), కాస్త చదరంగా ఉంటాయి. పక్కన నల్లపట్టీలు ఉండాల్సినవే. జూమ్ చేస్తే తలలు తెగుతాయి, సాగదీస్తే మనుషులు లావెక్కుతారు. తర్వాత ‘మోషన్ స్మూతింగ్’ ఆపేయండి. టీవీ తనంతట తాను మధ్యలో ఫ్రేములు కల్పించి, సినిమాని టీవీ సీరియల్‌లా మార్చేస్తుంది. నాయిస్ రిడక్షన్ కూడా వద్దు, ఫిల్మ్ గ్రెయిన్‌తో (ఫిల్మ్‌లో సహజంగా కనిపించే సన్నటి రవ్వలతో) పాటు ముఖాల మీది గీతలూ చెరిగిపోతాయి. ఇవన్నీ వెతకడం కష్టమైతే ‘ఫిల్మ్‌మేకర్’ లేదా ‘సినిమా’ మోడ్ పెట్టండి, సగం పని అయిపోతుంది.

4. రెండోసారి చూశాకే నిర్ణయం

చూసిన రాత్రే మార్కులు వేయకండి. రెండు వారాలాగి, గుర్తున్న దృశ్యాలు రాయండి. మూడు కూడా రాకపోతే పక్కన పెట్టేయొచ్చు. వస్తే మళ్లీ చూడండి, ఈసారి కథ వదిలేసి ఒక్క విషయమే పట్టుకోండి. దాదాపు అంతా ఒకే గదిలో సాగే ‘12 యాంగ్రీ మెన్’లో కెమెరా ఎత్తు గమనించండి. మొదట కంటిమట్టానికి పైన ఉంటుంది, పోనుపోను కిందికి దిగుతుంది. లెన్సుల ఫోకల్ లెంగ్త్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే గుణం) కూడా పెంచుకుంటూ పోయారు, గోడలు మీదికొస్తున్నట్టు ఉంటుంది. మొదటిసారి మనకు తగిలిన ఉక్కపోత అక్కడి నుంచే వచ్చింది. రెండోసారి ఇలాంటివి దొరుకుతున్న సినిమాకి జాబితాలో చోటివ్వండి.

5. పదే గళ్లు

పదకొండోది రావాలంటే ఒకటి పోవాలి. ఏది తీయాలో తేలకపోతే, రెండింట్లో ఈ రాత్రి ఏది పెట్టుకుంటారో అదే ఉంచండి. ప్రతి పేరు పక్కన ఏ ప్రతి, ఎప్పుడు చూశారు అని రాసుకోండి. గొప్పదని ఒప్పుకుంటూనే మనసుకెక్కని వాటికి వేరే పేజీ పెట్టండి. ‘టోక్యో స్టోరీ’ (1953) ఇరవై ఏళ్ల వయసులో ఆ పేజీలో పడితే ఆశ్చర్యం లేదు. ఐదేళ్లకోసారి అందులోంచి ఒకటి తీసి మళ్లీ చూడండి.