క్యూడా ప్రోగ్రామ్ కంపైల్ చేసే ముందు జాగ్రత్తలు

క్యూడా అంటే ఎన్‌విడియా జీపీయూల కోసం ప్రోగ్రాములు రాసే వేదిక. ముందుగా ఎన్‌వీసీసీ (క్యూడా కంపైలర్), జీసీసీ (అది వాడుకునే మామూలు సీ/సీ++ కంపైలర్), జీలిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) మూడింటి వెర్షన్లూ చూసుకోండి.

• 2025 జనవరిలో వచ్చిన జీలిబ్‌సీ 2.41లో సైన్‌పై (sinpi), కాస్‌పై (cospi) అనే గణిత ఫంక్షన్లు చేరాయి. అవే పేర్లు పాత క్యూడా హెడర్లలోనూ ఉన్నాయి. రెండు డిక్లరేషన్లూ పొసగక, మీ కోడ్‌లో ఒక్క తప్పూ లేకపోయినా ఎర్రర్లు వస్తాయి. జీసీసీ మార్చినా ఇది పోదు, కొత్త డిక్లరేషన్లున్న హెడర్ జీలిబ్‌సీది కాబట్టి. పాత జీలిబ్‌సీతో వచ్చే పాత లినక్స్ డిస్ట్రో ఉన్న కంటైనర్‌లో కంపైల్ చేయడం మేలు. హెడర్లను చేత్తో దిద్దితే తర్వాతి అప్‌డేట్‌లో అంతా పోతుంది.

• జీసీసీ మరీ కొత్తదైతే ఎన్‌వీసీసీకి సీసీబిన్ (-ccbin) ఆప్షన్‌తో పాత జీసీసీని చూపించండి. వెర్షన్ చెక్‌ను దాటేసే ఆప్షనూ ఉంది గానీ, నేనైతే దాని జోలికి పోను.

• మేక్‌ఫైల్‌లో ఎవరైనా యూఎస్‌ఆర్ ఇన్‌క్లూడ్ (/usr/include) ఫోల్డర్‌ను ఐసిస్టమ్ (-isystem) ఆప్షన్‌తో ఇచ్చారా? తీసేయండి. హెడర్లను వెతికే వరుస తారుమారై, ఉన్న హెడరే దొరకలేదంటుంది కంపైలర్.

• సీమేక్ (బిల్డ్ సిద్ధం చేసే టూల్) వాడుతుంటే, దాని పాత బిల్డ్ ఫోల్డర్‌నూ తుడిచేయండి.