లోన్ అగ్రిమెంట్ కాపీ అడిగి తీసుకోవడం ఎలా?

కాగితాల కట్ట ముందు పెట్టి, పెన్సిల్‌తో ఇంటూ మార్కు వేసిన చోటల్లా సంతకం పెట్టమంటారు. సగం అయ్యేసరికి చెయ్యి లాగుతుంది, చదివే ఓపిక పోతుంది. "మరి మా కాపీ?" అంటే "హెడ్డాఫీసు నుంచి వస్తుందండీ" అంటారు. రెండేళ్లకు లోన్ ముందే తీర్చేద్దామని వెళితే ఫోర్‌క్లోజర్ ఛార్జీ అంటూ ఓ అంకె చెబుతారు. అది అగ్రిమెంట్‌లో ఉందో లేదో చూసుకుందామంటే మన దగ్గర కాగితమే ఉండదు.

రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా లోన్ మంజూరు చేసేటప్పుడు గానీ, డబ్బు ఇచ్చేటప్పుడు గానీ అగ్రిమెంట్ కాపీ ఇచ్చి తీరాలి. అందులో ప్రస్తావించిన జతపత్రాల కాపీలు కూడా కలిపే ఇవ్వాలి. చాలామంది వదిలేసేది ఈ జతపత్రాలనే. ఛార్జీల పట్టిక తరచుగా ఉండేది వాటిలోనే.

సంతకానికి ముందు: కేఎఫ్ఎస్ (కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్) అడగండి. లోన్ ముఖ్య వివరాలన్నీ ఒకచోట ఉండే పత్రం అది. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ లోన్లకు ఇది తప్పనిసరి, అదీ మీకు అర్థమయ్యే భాషలో. తెలుగులో కావాలని మొహమాటపడకుండా అడగండి. గడువు ఏడు రోజులు, అంతకు మించిన లోన్లకైతే ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. "ఇవాళే సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది" అన్న మాటకు కంగారు పడనక్కర్లేదు. కేఎఫ్ఎస్‌లో ముందు చూడాల్సింది ఏపీఆర్ (వార్షిక శాతం రేటు). వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు లాంటివి కూడా కలిపి లెక్కేసిన అసలు భారం అదే. కేఎఫ్ఎస్‌లో లేని ఛార్జీని మీ స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వేయకూడదు.

సంతకం రోజు: ఖాళీ గడుల మీద సంతకం వద్దు, వర్తించని వాటిని అడ్డంగా కొట్టేయించండి. ఆ తర్వాత ప్రతి పేజీకీ ఫొటో తీసుకోండి. ఎవరైనా చిరాకు పడితే పడనివ్వండి. యాప్‌లో తీసుకున్న లోన్ అయితే సంతకం పూర్తవగానే పత్రాలు ఈమెయిల్‌కో, ఎస్సెమ్మెస్‌కో వాటంతటవే రావాలి. లింకు వస్తే వెంటనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

కాపీ రాకపోతే: ఫోన్లు మానేసి రాతపూర్వకంగా అడగండి. రెండు వాక్యాలు చాలు: "నా లోన్ ఖాతా నంబరు ఫలానా. ఈ లోన్ అగ్రిమెంట్, కేఎఫ్ఎస్, శాంక్షన్ లెటర్, జతపత్రాల కాపీలు ఇప్పించగలరు." బ్రాంచ్‌లో ఇచ్చి, మీ దగ్గరుంచుకునే ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే ఈమెయిల్ పంపండి, దానికి తేదీ ఎలాగూ ఉంటుంది.

30 రోజులు గడిచినా జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. రుసుము లేదు, లాయరూ అక్కర్లేదు. సందేహాలుంటే 14448కు ఫోన్ చేయండి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ మీదైతే ఫిర్యాదు నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వెళ్లాలి.

ఇల్లో, స్థలమో తనఖా పెట్టిన వాళ్లు శాంక్షన్ లెటర్‌లో ఇంకో లైను వెతకాలి: అసలు దస్తావేజులు ఎన్నాళ్లలో, ఎక్కడ తిరిగి ఇస్తారన్నది. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఇవ్వాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున వాళ్లే మీకు చెల్లించాలి.