రొయ్య మేత మానేసింది, రిపోర్టులో మాత్రం అమ్మోనియా ‘నార్మల్’

సమస్య ఇలా మొదలవుతుంది. పొద్దున చెక్ ట్రే (రొయ్య మేత తిన్నదో లేదో చూసే పళ్లెం) ఖాళీగానే లేస్తుంది. మధ్యాహ్నం మేతకి సగం మిగిలిపోతుంది. సాయంత్రానికి రొయ్యలు గట్టు వెంట నీరసంగా తిరుగుతుంటాయి. నీళ్ల రిపోర్టు చూస్తే అమ్మోనియా 1 పీపీఎం, అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము. ‘ఒకటే కదండీ’ అని మేత బ్రాండ్ మార్చేస్తారు. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి, ఆకివీడు వైపు రైతులు తెచ్చే నీళ్లు చూసే పని నాది, వారంలో రెండుసార్లైనా ఈ మాట వింటాను.

తెల్లవారుజామున ఆక్సిజన్ చూశారా? చూడకపోతే ముందు ఆ పని కానివ్వండి. అక్కడ తేడా లేకపోతేనే కింది సంగతి.

కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో రెండు రూపాలుంటాయి. అమ్మోనియం అయాన్‌తో పెద్ద బెడద లేదు. అయాన్ కాని అమ్మోనియాయే మొప్పల్లోంచి లోపలికి దూరి చంపుతుంది. రెండూ ఒకదాంట్లోకి ఒకటి మారుతూ సమతాస్థితిలో ఉంటాయి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) పెరిగితే అయాన్ తన ప్రోటాన్ వదిలేసి విషం వైపు మొగ్గుతుంది. ప్రోటాన్ వదలడానికి వేడి కావాలి కాబట్టి నీరు వేడెక్కినా అటే మొగ్గు.

లెక్క చూడండి. పొద్దున 27 డిగ్రీలు, పీహెచ్ 7.6 ఉంటే నూటికి రెండున్నర పాళ్లే విషం. అదే చెరువు మధ్యాహ్నం మూడింటికి 32 డిగ్రీలు, పీహెచ్ 9కి వెళ్తే నూటికి 48. ఉప్పు నీటిలో ఇది కాస్త తగ్గుతుందంతే. అంటే రిపోర్టులో అదే 1 పీపీఎం, విషం మాత్రం పంతొమ్మిది రెట్లు. ఎండకి నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకోవడం వల్లే మధ్యాహ్నం పీహెచ్ లేస్తుంది. మీరేమో పొద్దున ఆరింటికి నీళ్లు పట్టి, సీసా బండి డిక్కీలో పెట్టుకుని పదింటికి తెస్తారు. చీకట్లో ఆ నాచే ఊపిరి వదిలి పీహెచ్ ఇంకాస్త దించేస్తుంది. మూడింటికి గట్టు మీదే మీటర్ ముంచి చూడమంటే ఒక్కరూ వినరు.

నేనూ దీనికి బలైనవాణ్ణే. కౌలు చెరువులో నీరు పాడైందని పొద్దున పదింటికి సున్నం చల్లించాను. అసలే ఎక్కబోతున్న పీహెచ్‌ని చేతులారా ఎక్కించానన్నమాట. మర్నాడు ట్రే ఎత్తితే అన్నీ చచ్చిన రొయ్యలే. మొత్తం అమ్మోనియా అప్పుడూ ఒకటిన్నర దాటలేదు.

అందుకే పరిష్కారం పీహెచ్ దగ్గర మొదలుపెట్టండి. ఆ మార్పిడి క్షణాల్లో జరిగేది, పీహెచ్ దిగిన వెంటనే విషమూ దిగుతుంది. రెండు రోజులు మేత బాగా తగ్గించండి, నాచు ముదిరితే కొంత నీరు మార్చండి, సున్నం జోలికి పోకండి. ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆపకుండా బెల్లం నీళ్లు వేస్తే బ్యాక్టీరియా పెరిగి అమ్మోనియాని వాడుకుంటుంది, అది వదిలే కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని కాస్త దించుతుంది. ఏరేటర్లు లేకుండా వేస్తే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది, జాగ్రత్త.

‘డబ్బాలో వచ్చే బ్యాక్టీరియా మందు వేశాం, అమ్మోనియా నైట్రేట్ అయిపోవాలి కదా’ అంటారు. అవ్వాలి, శక్తి లెక్క ప్రకారం దాని దారి అటే. కానీ కాలవ నీరు చేనుకంటే ఎత్తులో ఉన్నంత మాత్రాన పారదు, తూము తెరవాలి. ఇక్కడ తూము అమ్మోనియాని నైట్రేట్ చేసే బ్యాక్టీరియా, బెల్లానికి పెరిగేవి కావు. అవి మెల్లగా పెరిగేవి, నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. రాత్రికి రాత్రి పని అడక్కండి.

అమ్మోనియాని పట్టుకుంటుందని చల్లే జియోలైట్ ఖనిజం ఉప్పు నీటిలో పెద్దగా పట్టుకోదు, డబ్బు దండగ. బురద కుళ్లిన గుడ్డు వాసన వేస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్, దాని లెక్క తలకిందులు, పీహెచ్ తగ్గితేనే ప్రమాదం. నైట్రైట్ కూడా రొయ్యకి విషమే, దాని కిట్ మీ దగ్గరే ఉంటుంది, ఓసారి చూసుకోండి. సాయంత్రం పీహెచ్ 8.2 దాటకుండా ఉండి కూడా రొయ్య తినకపోతే నా దగ్గరకు నీళ్లు తేవద్దు, రొయ్యలనే పీసీఆర్ టెస్టుకి (రోగం ఉందేమో చూసే పరీక్ష) పంపండి.