మీ ఇంటి ద్రవ్యోల్బణం మీరే లెక్కేసుకోండి, పోయినేడాది కిరాణా చీటీ ఉంటే చాలు

ప్రతి నెలా 12న సాయంత్రం కేంద్ర గణాంక శాఖ ఒక అంకె వదులుతుంది, ద్రవ్యోల్బణం ఇంత అని టీవీలో కింద స్క్రోల్ అవుతుంది, అది చూసి మా అమ్మ అనే మాట ఒకటే, వీళ్లు ఏ కొట్లో కొంటున్నార్రా అని. అంకె తప్పని నేను అనను, దేశమంతా కలిపి సగటు తీస్తే వచ్చేదే అది. 2012 రేట్లని ఆధారంగా పెట్టుకుని వేసే పాత లెక్క, అంటే 2012 బేస్ సిరీస్‌లో, తిండి, పానీయాలకే 45.86 శాతం వెయిటేజీ ఉండేది, ఇంటద్దె పట్టణాల్లోనే లెక్కలోకి వచ్చేది. హైదరాబాద్‌లో అద్దె కట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని ప్రైవేట్ స్కూల్లో చదివించేవాళ్ల ఖర్చు అలా ఉండదు కదా. అందుకే సొంత లెక్క ఒకటి ఉండాలి.

ముందు పోయినేడాది ఇదే నెల ఖర్చులు బయటికి తీయండి. పచారీ కొట్టు చీటీలు దొరక్కపోతే ఫోన్‌పే హిస్టరీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ చాలు. ఇదే నెల అని ఎందుకంటున్నానంటే మేలో కూరగాయల రేటు వేరు, డిసెంబర్‌లో వేరు, ఈ రెండూ పోల్చితే లెక్క మొత్తం గల్లంతే. ఖర్చుల్ని ఓ ఐదు గంపలుగా వేసుకోండి, అంతకన్నా ఎక్కువ పెడితే రెండో నెలకే విసుగొచ్చి వదిలేస్తారు.

ఉదాహరణకి ఇలా అనుకోండి. అద్దె 12,000 ఉండేది 13,200 అయింది. స్కూల్ ఫీజు నెలకి 5,000 పడేది 5,750. కిరాణా, పాలు, కూరలు 11,000 నుంచి 11,550. కరెంటు, గ్యాస్, పెట్రోల్ 4,000 అలాగే ఉంది. డాక్టరు, మందులు 2,000 నుంచి 2,200. పాత మొత్తం 34,000, కొత్తది 36,700, పెరిగింది 2,700. దాన్ని 34,000తో భాగించి వందతో గుణించండి, దాదాపు 8 శాతం. ఇదీ ఈ ఇంటి ద్రవ్యోల్బణం, టీవీలో ఎంతైనా చెప్పనీయండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బిస్కెట్ ప్యాకెట్ ఐదు రూపాయలే కదా, పెరగలేదు అనుకుంటారు, వెనక చిన్న అక్షరాల్లో గ్రాములు చూడరు. ప్యాకెట్ రేటు రాయకండి, కిలోకి ఎంత పడిందో రాయండి, సబ్బుకీ టీపొడికీ కూడా అంతే. ఇంకోటి, వాడకం పెరిగితే అది ద్రవ్యోల్బణం కిందికి రాదు, పోయినేడు రెండు కిలోల కందిపప్పు తెచ్చి ఇప్పుడు మూడు తెస్తుంటే రెండు కిలోలకే లెక్క కట్టాలి.

ఈ 8 ని ఇప్పుడు ఎఫ్‌డీ పక్కన పెట్టి చూడండి, కడుపు మండేది ఇక్కడే. లక్ష రూపాయలకి 7 శాతం అంటే 7,000 వడ్డీ, 20 శాతం స్లాబ్‌లో ఉంటే సెస్‌తో కలిపి 1,456 పన్ను, చేతికొచ్చేది 5,544. ఖర్చులేమో లక్షకి 7,940 పెరిగాయి. అంటే బ్యాంకులో భద్రంగా దాచుకున్నందుకు ఏడాదికి సుమారు 2,400 పోయింది, పైగా రాని లాభం మీద పన్ను కూడా కట్టారు. అసెంబ్లీలో ఓటింగ్ లేకుండా వేసే పన్ను ఇదొక్కటే అని నా ఫీలింగ్.

మరి ఇది ఎక్కణ్ణుంచి వస్తుందంటే, ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర ఉంచాలని ఆర్‌బీఐకి 2016 నుంచి టార్గెట్ ఉంది, అటు రెండు ఇటు రెండు వెసులుబాటు. కోవిడ్‌లో రెపో రేటు, అంటే బ్యాంకులకి ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ, 4 శాతానికి దించి 2022 మే దాకా అక్కడే ఉంచారు, ఆ తర్వాత పెంచుకుంటూ పోయి 2023 ఫిబ్రవరికి 6.5కి తెచ్చారు. 2022లో వరసగా మూడు త్రైమాసికాలు ద్రవ్యోల్బణం 6 శాతం దాటింది కాబట్టి చట్టప్రకారం ప్రభుత్వానికి సంజాయిషీ లెటర్ రాయాల్సొచ్చింది, రాశారు కూడా, మనకి మాత్రం చూపించలేదు. అందుకే గవర్నర్ ప్రెస్‌మీట్ ఒక్కటే నమ్ముకోకండి, ఆర్‌బీఐ సైట్‌లో ప్రతి శుక్రవారం వారపు గణాంకాల సప్లిమెంట్ పెడతారు, అందులో ఎం3 అనే వరస చూడండి, అది జనం దగ్గరా బ్యాంకుల్లో డిపాజిట్లుగానూ ఉన్న డబ్బు మొత్తం. సరుకు పెరిగే స్పీడు కన్నా డబ్బు పెరిగే స్పీడు చాలా ఎక్కువగా, చాలాకాలం ఉంటే రేట్లు ఎక్కక తప్పదు.

ఇక రేట్లు ఎక్కాక ప్రభుత్వం చేసే రిపేర్లు. నిషేధం అనే వార్త కనబడితే రేటు ఎవరికి తగ్గింది, ఎవరి జేబులోంచి తగ్గింది అని చూడండి. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు, ఆ వారమే అమెరికాలో మనవాళ్లు ఇండియన్ స్టోర్ల ముందు సోనా మసూరి బస్తాల కోసం లైన్లు కట్టారు, కొన్ని షాపులు ఇంటికి ఒక్కటే అని బోర్డు పెట్టేశాయి. అక్కడ ఎక్కువ రేటుకి కొనడానికి జనం రెడీగా ఉన్నారు, ఇక్కడ పండించిన రైతుకి ఆ రేటు అందకుండా గేటు వేశారు. ఉల్లి కథా అదే, ఆగస్టులో 40 శాతం సుంకం, డిసెంబర్‌లో పూర్తి నిషేధం. టమాటా వంద దాటితే గగ్గోలు పెట్టి సబ్సిడీ కౌంటర్లు తెరుస్తారు గానీ, పాతిక కేజీల బాక్స్ రేటు కోత కూలికి కూడా సరిపోని నెలలో రైతు పారబోస్తే ఆ కౌంటర్లు ఉండవు. పేదలకి ఇబ్బందే, కాదనను, వాళ్ల ఖాతాలో నేరుగా డబ్బు వేస్తే సరిపోతుంది, రేటు పీక నొక్కితే వచ్చే సీజన్లో ఆ పంట వేసేవాడు తగ్గుతాడు.

ఈ లెక్క ఏడాదికి ఒకసారి చేస్తే చాలు, నెలనెలా అక్కర్లేదు. ఎఫ్‌డీ రెన్యూవల్‌కి వారం ముందు చేసుకుంటే ఆటో రెన్యూవల్ మీద టిక్ పెట్టాలా వద్దా అన్నది తెలుస్తుంది. ఈ నెల చీటీలు మాత్రం పారేయకండి, ఆ రసీదు కాగితం మీద ఇంకు ఏడాదికల్లా వెలిసిపోతుంది, ఫోటో తీసి పెట్టుకోండి.