సిగ్నల్ ఫుల్, నెట్ నిల్: ముందు రిపీటర్ ఎక్కడుందో చూడండి

సమస్య: రూటర్ సిగ్నల్‌ని అందుకుని దూరపు గదులకి పంపే రిపీటర్ పెట్టాక, వెనక గదిలో ఫోన్‌లో వైఫై గీతలన్నీ నిండుగా ఉంటాయి. వీడియో మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది.

ముందు రూటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. వీలైతే లాప్‌టాప్‌కి లాన్ వైరు పెట్టి చూడండి. అక్కడే స్పీడ్ లేకపోతే రూటర్‌ని ఏ మూలకి జరిపినా దండగ, కనెక్షన్ ఇచ్చినవాళ్లని పట్టుకోండి. ఈ చిన్న పని మానేసి కొత్త రూటర్ కొనేవాళ్లు బరంపురం నుంచి రాయగడ దాకా ఎంతమందో!

అక్కడ బాగుంటే, అసలు దొంగ చాలాసార్లు రిపీటరే. బరంపురం పాతవీధుల్లో ఇళ్లు ముందు సన్నగా, వెనక్కి రైలుపెట్టెల్లా గది వెంట గది. ఫైబర్ వీధివైపు నుంచి వస్తుంది కాబట్టి రూటర్ ముందుగదిలో టీవీ వెనక ఇరుక్కుంటుంది. వంటింటికి సిగ్నల్ అందదు. అందని చోటే కదా కావాలని రిపీటర్ తెచ్చి వంటింటి ప్లగ్గులోనే పెడతారు. అదేమో సొంతంగా నెట్ పుట్టించదు, తనకి అందినదే మళ్లీ పంపుతుంది. ఫోన్‌లో కనిపించే గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్యవి. రిపీటర్‌కి రూటర్ నుంచి ఎంత అందుతోందో ఫోన్ చెప్పదు. పైగా తీసుకోవడం, పంపడం ఒకే బ్యాండ్ (2.4 లేదా 5 గిగాహెర్ట్జ్) మీద చేసే రకమైతే వేగం దాదాపు సగం పోతుంది.

పరిష్కారం: రిపీటర్ పీకేసి, అదే చోట ఫోన్‌ని రూటర్ వైఫైకి కలపండి. సిగ్నల్ బలాన్ని అంకెల్లో (dBm) చూపే వైఫై ఎనలైజర్ యాప్‌లో మైనస్ 75, 80 కనిపిస్తే ఆ చోటు పనికిరాదు. ఈ లెక్కలో సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 65 వచ్చేదాకా రూటర్ వైపు నడవండి, అక్కడి ప్లగ్గులో పెట్టండి. మామూలుగా నడిమి గది అవుతుంది. మధ్యలో ఇనుప బీరువా, నీళ్ల డ్రమ్ము అడ్డం లేకుండా చూసుకోండి.

మేడ మీదకైతే రిపీటర్ మాటే వద్దు, స్లాబు సిగ్నల్‌ని మింగేస్తుంది. రూటర్ నుంచి క్యాట్ 6 రకం లాన్ వైరు లాగండి, 100 మీటర్ల దాకా ఢోకా లేదు. పైన పాత రూటరైనా సరే, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పద్ధతి) పెడితే చాలు. ఎలక్ట్రీషియన్ కరెంటు పైపులోనే తోసేస్తానంటాడు, ఒప్పుకోకండి, వేరే పైపు వేయించండి.

పక్కింటి వైఫై అడ్డమొస్తోందనుకుంటే రూటర్ సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి చానల్ 1, 6, 11 మార్చి చూడండి. మైక్రోవేవ్ ఓవెన్ వల్లేనేమో అంటారా? అది తిరిగే రెండు నిమిషాలు ఓపిక పట్టండి.