పద్దెనిమిది నిండి హోమ్ వదిలే పిల్లలకు కంపెనీ, స్వచ్ఛంద సంస్థ కలిసి ఎలా అండగా నిలవాలి?

చిల్డ్రన్స్ హోమ్‌లో పెరిగిన పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయంటేనే టెన్షన్. ఇకపై ఎక్కడ ఉండాలి, ఎవరిని అడగాలి? 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఆ తర్వాత కూడా వాళ్లకు ఆర్థిక సాయం అందించే వీలుంది. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం మార్గదర్శకాల్లో అది నెలకు 4,000 రూపాయలు. మామూలుగా 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో గది అద్దె, మెస్ బిల్లు కట్టాక అందులో మిగిలేదేమీ ఉండదు. స్వచ్ఛంద సంస్థ, కంపెనీ చేతులు కలపాల్సింది ఇక్కడే.

పదిహేడున్నరకే మొదలుపెట్టండి

ముందుగా జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి, ఈ ఏడాది బయటికొచ్చేవాళ్లు ఎందరో, ఏం చదివారో కనుక్కోండి. బాలల సంక్షేమ కమిటీకి తెలియకుండా ఏ అడుగూ వేయొద్దు.

తర్వాత కాగితాలు. ఆధార్, బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ, టీసీ ఎటూ అడుగుతారు. అందరూ మరిచిపోయేది ఫోన్ నంబరు. చాలామంది ఆధార్‌కు హోమ్ సిబ్బంది నంబరే లింకై ఉంటుంది. కుర్రాడు పైడిభీమవరంలో ఉద్యోగానికి పేరు నమోదు చేసుకుంటుంటే ఓటీపీ మాత్రం వార్డెన్ గారి ఫోన్‌కి పోతుంది. ఆయన అప్పటికి బదిలీ అయిపోయి ఉంటే ఇక అంతే సంగతులు. మైనర్లకు సిమ్ ఇవ్వరు కాబట్టి, పద్దెనిమిది నిండగానే హోమ్ వదిలేలోపు సొంత సిమ్ తీయించి, ఆధార్ సెంటర్‌లో నంబరు మార్పించేయండి.

కంపెనీని ఏమడగాలి?

దుప్పట్లు, బిస్కెట్ ప్యాకెట్లు అడక్కండి. అవి అడక్కపోయినా ఇస్తారు. అప్రెంటిస్ సీట్లు, అంటే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే అవకాశాలు అడగండి. ముప్పై మంది, ఆపైన సిబ్బంది ఉన్న ప్రతి కంపెనీ ఆ సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని అప్రెంటిస్ చట్టమే చెబుతోంది. జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా నెలకు 1,500 రూపాయలు కేంద్రం భరిస్తుంది. కాబట్టి పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీకైనా, బొబ్బిలి గ్రోత్ సెంటర్ యూనిట్‌కైనా చేతులు కట్టుకుని వెళ్లక్కర్లేదు. హెడ్డాఫీసుకు ఉత్తరాలు రాస్తూ కూర్చునే బదులు ప్లాంట్ హెచ్‌ఆర్‌ను నేరుగా కలవండి. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లాంటి చిన్న యూనిట్లయితే యజమానితోనే మాట్లాడొచ్చు.

పదో తరగతితో ఆగిపోయినవాళ్లను ముందు ఆర్‌సెటీ (బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) శిక్షణకు పంపండి. భోజనం, వసతితో సహా ఉచితం.

డబ్బు లెక్క

సీఎస్‌ఆర్ సొమ్ము (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే డబ్బు) నేరుగా తీసుకోవాలంటే స్వచ్ఛంద సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్‌తో పాటు కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు ఉండాలి. కంపెనీ తన ఉద్యోగుల కోసమే పెట్టే ఖర్చు సీఎస్‌ఆర్ కిందకు రాదు. అందుకే చేరక ముందు శిక్షణ, వసతి ఖర్చులు సీఎస్‌ఆర్ నుంచి. చేరాక అయ్యేవి కంపెనీ మామూలు ఖాతా నుంచి. ఈ గీత ఒప్పంద పత్రంలోనే గీసుకోండి, ఆడిట్ వేళ తలనొప్పి ఉండదు.

నా లెక్కలో అన్నిటికన్నా గడ్డుకాలం మొదటి జీతం పడేదాకా. ఐదో తారీఖున చేరినవాడికి వచ్చే నెల మొదటి వారంలో గానీ డబ్బు కనబడదు. ఈలోగా గదికి అడ్వాన్సు, పరుపు, బకెట్టు, మెస్‌కి ముందస్తు, సేఫ్టీ షూ కంపెనీ ఇవ్వకపోతే అదీ. వెనక ఇల్లున్న కుర్రాడు నాన్ననో మేనమామనో అడుగుతాడు. వీళ్లు అప్పు చేస్తారు, లేదా పని మానేస్తారు. రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకున్నాకే ఉద్యోగంలో చేర్పించండి. గది కూడా కంపెనీ బస్సు ఆగే చోటుకి దగ్గర్లో చూడాలి. పొద్దున్నే షిఫ్ట్‌కి ఆటోలు దొరకవు.

ప్లాంట్‌లో ఒక అన్న, లేదా అక్క

మేనేజర్ స్థాయి మనిషి వద్దు, ఆయన దగ్గర ఎవరూ నోరు విప్పరు. అదే షిఫ్ట్‌లో నాలుగైదేళ్ల అనుభవమున్న ఆపరేటర్ చాలు. సెలవు చీటీ ఎలా రాయాలి, పీఎఫ్ ఎందుకు కోశారు, జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి అన్నవి చెప్పగలగాలి. పిల్లవాడు హోమ్ నుంచి వచ్చాడన్న సంగతి ఆ అన్నకు, హెచ్‌ఆర్‌కు తప్ప మరెవరికీ తెలియనక్కర్లేదు. ఫ్లెక్సీల మీద ఫొటోలు అసలే వద్దు. పద్దెనిమిది నిండనివాళ్లయితే గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం కూడా.

కొందరు మూడు నెలలకే మానేస్తారు. గది వెంటనే ఖాళీ చేయించకండి. పని మానేశాక గది ఎన్నాళ్లు ఉంచాలో ముందే ఒప్పందంలో రాసుకుని, ఈలోగా రెండో కంపెనీలో మాట్లాడి పెట్టండి.