కొళాయి నీరు తాగవచ్చో లేదో ఇంటివారే తెలుసుకోవడం ఎలా?

గోదావరి డెల్టాలోని చిన్న పట్టణాల్లో చాలా చోట్ల భూగర్భజలం ఉప్పగా ఉంటుంది కనుక తాగునీటికి కాలువే ఆధారం. కాలువ పారుతున్న రోజుల్లో మునిసిపాలిటీ వారు ఆ నీటిని సమ్మర్ స్టోరేజి ట్యాంకులో నింపి ఉంచుతారు. దాన్ని పటికతో తేర్చి, ఇసుక ఫిల్టర్ల గుండా వడగట్టి, క్లోరిన్ కలిపి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, పూటకో గంట చొప్పున వీధుల్లోకి వదులుతారు. నీటి రంగు మారినా, వాసన వచ్చినా జనం ముందుగా తప్పుపట్టేది ఫిల్టర్ బెడ్లనే. అక్కడా లోపాలు ఉండవచ్చు గాని, ట్యాంకు దిగేవరకు బాగానే ఉన్న నీరు ట్యాంకుకూ మన బిందెకూ నడుమ పైపుల్లో చెడిపోవడమే చిన్న పట్టణాల్లో తరచుగా జరిగే సంగతి. అందువల్ల ట్యాంకు నీటికి వచ్చిన మంచి రిపోర్టు వీధి చివరి ఇంటి కొళాయికి కూడా వర్తిస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

నీరు రోజంతా రాకపోవడమే దీనికి మూలం. పైపులో నీరు ఒత్తిడితో పారుతున్నంత సేపు చిల్లులు ఉన్నా లోపలి నీరు బయటికి కారుతుందే తప్ప బయటిది లోపలికి రాదు. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతూ చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది. చిల్లు ఉన్న భాగం వీధి పక్కన మురుగు పారే సైడు కాలువలో మునిగి ఉంటే మురుగు లోపలికి చేరుతుంది, మర్నాడు వాల్వు తిప్పగానే మొదటి బిందెల్లోకి అదే వస్తుంది. కొళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవారు ఈ పీల్పును నీరు వదిలిన వేళలోనే తెచ్చిపెడతారు. పక్కింటికి నీరు అందకపోవడం అటుంచి, మురుగును తమ ఇంట్లోకి తామే తోడుకునే ప్రమాదం అందులో ఉంది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలినప్పుడు పలువురు ప్రాణాలు కోల్పోయారు. గుంటూరు పెద్ద నగరమే అయినా ఆ కారణం ఏ చిన్న ఊళ్లోనైనా పొంచి ఉన్నదే.

ముందు పైపును చూడండి

మొదటి పనికి ఏ పరికరమూ అక్కర్లేదు. వీధిలోని మెయిన్ లైను నుంచి మీ ఇంటికి వచ్చే సర్వీసు పైపు ఏ దారిన వస్తున్నదో, సైడు కాలువను ఎక్కడ దాటుతున్నదో వంగి చూడండి. పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు అయితే మరలు ఉన్న చోట్ల తుప్పు తినేసి ఉంటుంది. ఎప్పుడో కారినప్పుడు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి వదిలేసిన జాయింటు సరిగ్గా మురుగులోనే కనిపించడం అరుదేమీ కాదు. అటువంటి పైపును కాలువ నీటి మట్టానికి పైకి లేపించి, కాలువను దాటే మేర అతుకు లేని ఒకే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు ముక్క వేయించి, దానిపై మరో లావు పైపును తొడుగుగా వేయిస్తే ఇంటి వరకు పెద్ద ప్రమాదం తొలగినట్లే. మెయిన్ లైనుకు తగిలే చోట మాత్రం సొంతంగా చేయి పెట్టకుండా మునిసిపాలిటీ ఫిట్టరును పిలవాలి.

ఒత్తిడి చాలదని గుంత తవ్వి, అందులో కొళాయి బిగించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ గుంతలో నిలిచిన కడుగునీరు కొళాయి మూతిని తాకితే, నీరు కట్టేసిన వేళ అది వెనక్కి మెయిన్ లైనులోకే పోతుంది, అంటే నష్టం వీధి మొత్తానికి. గుంతను పూడ్చడం కుదరనప్పుడు కనీసం దాన్ని సిమెంటు చేయించి, నిలిచిన నీటిని నీరు వదిలే వేళకు ముందే తోడేయాలి. బకెట్టులో మునిగి ఉన్న రబ్బరు గొట్టం కూడా ఇదే పని చేస్తుంది.

కన్ను, ముక్కు చెప్పేవి

నీరు వదిలిన వెంటనే ఒకటి, అయిదు నిమిషాల తరువాత ఒకటి, రెండు తెల్లని గాజు సీసాలు నింపి పక్కపక్కన పెట్టండి. మొదటిది మాత్రమే మురికిగా ఉంటే లోపం మీ వీధి పైపుల్లో ఉన్నదని, రెండూ ఒకేలా మసకగా ఉంటే ఫిల్టరు దగ్గరో, ఎక్కడో పెద్ద లైను పగిలిన చోటో ఉన్నదని ప్రాథమికంగా అనుకోవచ్చు. పాలలా తెల్లగా వచ్చి, నిమిషంలో అడుగు నుంచి పైకి తేటపడితే అది గాలి మాత్రమే. కాసేపటికి ఎర్రని మడ్డి అడుగున చేరితే ఇనుము లేదా తుప్పు. పాచి వాసన ఎండాకాలంలో, కాలువలు కట్టేశాక, సమ్మర్ స్టోరేజి ట్యాంకులో నీరు నిలవుండి ఆకుపచ్చబడినప్పుడు వస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన గాని, మురుగు వాసన గాని వస్తే మరో పరీక్ష కోసం ఆగకుండా ఆ నీటిని తాగడం, వంటకు వాడడం మానేయాలి. ఘాటుగా బ్లీచింగ్ వాసన వస్తోందని విసుక్కునేవారికి ఒక మాట: ఆ వాసన ఉన్న రోజున మీరు కొంత నిశ్చింతగా ఉండవచ్చు.

క్లోరిన్ పరీక్ష: అన్నిటికన్నా ముఖ్యం

తేటగా, వాసన లేకుండా ఉన్న నీటిలోనూ సూక్ష్మక్రిములు ఉండగలవు. వాటిని ఇంట్లో లెక్కించలేము గాని, వాటిని చంపే క్లోరిన్ కొళాయి దాకా మిగిలి వచ్చిందో లేదో రెండు నిమిషాల్లో చూడవచ్చు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వాడకందారు చేరువలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలి. ట్యాంకు దగ్గర కలిపిన క్లోరిన్ దారిలో మురుగు తగిలితే దానితో పోరాడి ఖర్చయిపోతుంది కనుక, నిన్నటి వరకు ఉండి ఈరోజు మాయమైన క్లోరిన్ పైపు పగుళ్లకు తొలి సూచన అవుతుంది. మునిసిపాలిటీ సిబ్బంది వద్ద ఉండే క్లోరోస్కోపుతో చేసేది ఈ పరీక్షనే. దాని కిట్టు బజారులోనూ దొరుకుతుంది.

పరీక్షను సంపులో నుంచి గాని, మేడపై ట్యాంకులో నుంచి గాని తీసిన నీటితో కాక, మునిసిపల్ లైను నుంచి నేరుగా వచ్చే నీటితో చేయాలి. ఆర్థోటోలిడిన్ ద్రావణం ఉన్న కిట్టు అయితే గీత వరకు నీరు నింపి, చెప్పినన్ని చుక్కలు వేసి, పసుపు రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చాలి. పది సెకన్లలోపు కనిపించిన రంగే లెక్క, ఆలస్యంగా ముదిరే పసుపు అంత శక్తి లేని క్లోరిన్ సమ్మేళనాలను కూడా కలిపి చూపుతుంది. ఆ ద్రావణం విషపూరితం కాబట్టి పిల్లలకు అందకుండా ఉంచి, పరీక్షించిన నీటిని పారబోయాలి. డీపీడీ మాత్రల కిట్టులో రంగు గులాబీగా వస్తుంది, వీలైతే అదే కొనడం మేలు. ఏ కిట్టయినా రంగు అసలు రాలేదంటే ఆ నీటికి రక్షణ లేదని అర్థం.

వారానికి ఒకసారి చూస్తే చాలు, అయితే మొదటి వానలు పడిన రోజున, వీధిలో తవ్వకాలు జరిగిన మర్నాడు, చుట్టుపక్కల ఒకరిద్దరికి విరేచనాలు పట్టుకున్నాయని విన్నప్పుడు తప్పనిసరిగా చూడాలి. తేదీ, వేళ, రీడింగు క్యాలెండరుపై రాసిపెట్టుకుంటే తరువాత ఫిర్యాదులో పనికివస్తుంది.

టీడీఎస్ మీటరు సంగతి

నీటి ప్లాంటు యజమానులు అందరికీ చూపించే టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాలను అంచనా వేస్తుంది, అంతే. ప్రమాణం ప్రకారం అది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, మరో నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. మురుగు కలిసిన నీటికి కూడా ఈ మీటరు 200 అని చూపించవచ్చు. అంకె ఎంత తగ్గితే నీరు అంత శుద్ధమన్న నమ్మకం మన ఊళ్లలో ఎలాగో పాతుకుపోయింది. ఆర్‌ఓ ప్లాంటు నీటిలో క్లోరిన్ మిగలదు కనుక, కడగని టిన్నులో పోసి నాలుగు రోజులు ఉంచితే అదీ చెడుతుంది.

ల్యాబులో అడగవలసినవి

క్రిముల పరీక్షకు నీటిని ఇంట్లోని సీసాలో తీసుకెళ్లకూడదు. ల్యాబు వారే స్టెరిలైజ్ చేసిన సీసా ఇస్తారు. ఇనుప లేదా ఇత్తడి కొళాయి మూతిని మంటతో కాల్చి, లేదా స్పిరిటుతో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీరు వదిలి, సీసా లోపలి అంచును తాకకుండా, పైన కొంత ఖాళీ ఉంచి నింపి, ఐసు పెట్టెలో పెట్టి వీలైతే 6 గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు అందజేయాలి. రిపోర్టులో 100 మిల్లీలీటర్లకు ఈ.కోలై, కోలిఫారం అనే బాక్టీరియా రెండూ లేవని ఉండాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులు ప్రజల నుంచి కూడా నమూనాలు తీసుకుంటాయి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లోనూ నీటి పరీక్షలు చేస్తారు.

బోరు నీటిపై ఆధారపడిన పట్టణాల్లో దీనితో పాటు ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యం కూడా చూపించుకోవాలి. ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను నాటి నెల్లూరు జిల్లాలో 1937లోనే గుర్తించారు. నల్లగొండ జిల్లాకు దానివల్ల వచ్చిన కష్టం అందరికీ తెలిసిందే. లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, 1.5 దాటకూడదు, నైట్రేటు 45 దాటకూడదు. ఈ రెండూ మరిగిస్తే పోవు సరికదా, నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మరింత చిక్కబడతాయి.

క్లోరిన్ కనిపించని రోజున

తాగే నీటిని తెరలు తెరలుగా మరిగిన తరువాత మరో నిమిషం పొయ్యిపై ఉంచి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి. గర్భిణులున్న ఇంట్లో ఈ విషయంలో అశ్రద్ధ పనికిరాదు, ఎందుకంటే నీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు వారికి ప్రాణాంతకం కాగలవు. సంపులోని నీటికైతే 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, అంటే సుమారు అర టీస్పూను, చెంబుడు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే పోసి, గంట తరువాత మళ్లీ క్లోరిన్ పరీక్ష చేసి చూసుకోవాలి. మూత తెరిచి ఉన్న సంచిలోని పౌడరు శక్తి కోల్పోతుంది. సంపు మూత నేల కన్నా ఎత్తుగా లేకపోతే, వాననీరు అందులోకే దిగుతుంటే, ఎంత పౌడరు వేసినా ప్రయోజనం ఉండదు.

ఫిర్యాదు

నీరు బాగోలేదని మాత్రమే రాసిన అర్జీ కదలదు. ఏ వీధి, ఏ ఇళ్లు, ఏ తేదీలు, ఏ వేళ, క్లోరిన్ రీడింగు ఎంత, అదే వీధిలో ఎగువనున్న ఇంట్లో ఎంత అన్నది రాసి, వార్డు సచివాలయంలో గాని, మునిసిపల్ ఇంజినీరింగ్ విభాగంలో గాని ఇచ్చి రశీదు తీసుకోండి. ఎగువ ఇంట్లో రంగు వచ్చి, దిగువ ఇంట్లో రాలేదంటే ఫిట్టరు వెతకవలసిన మేర ఆ రెండిళ్ల మధ్యకు కుదించుకుపోతుంది. విరేచనాల కేసులు ఉంటే అదే రోజున ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎంకు చెప్పాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో గడచిన మూడు నెలల నీటి పరీక్షల నకళ్లు అడగవచ్చు. 30 రోజుల్లో ఇవ్వాలి. పైపు బాగుచేసి వెళ్లిన తరువాత మొదటిసారి నీరు వదిలిన పూట కొళాయిని కాసేపు వదిలేసి, ఆ తరువాత మరో రెండు పూటలు క్లోరిన్ చూడండి. రంగు తిరిగి రాకపోతే చిల్లు ఇంకా ఎక్కడో ఉన్నట్లే, ఆ రీడింగులతోనే ఫిట్టరును మళ్లీ పిలవాలి.